మొదటి భాగంతో ఆపేస్తే ప్రేమకథ సగమే చదివినట్టు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను చెల్లీ. నువ్వు అక్కా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను. డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నావు. పిల్లల్ని టీవీ కెమెరాల ముందు ఒకరినొకరు చంపుకునే ఆటలోకి దింపే కథ హంగర్ గేమ్స్ మూడు భాగాలూ చదివావు, మూడోది నచ్చలేదు, చివరికి కథానాయిక కాట్నిస్ తనతో పాటు ఆ ఆటలో దిగిన పీటాతో సర్దుకుపోయినట్టు అనిపించింది. డైవర్జెంట్, డెలీరియం, షాటర్ మీ మొదటి భాగాలు రెండేసి రోజుల్లో ముగించి, వాటి రెండో భాగాలు మాత్రం యాభై పేజీల దగ్గర వదిలేశావు. సీక్వెల్స్ అన్నీ డబ్బు కోసం సాగదీసినవేనా, చదవాలా మానాలా, చదివితే ఎలా చదవాలి అని అడిగావు. నేను హైదరాబాద్‌లో ఒక స్కూల్ లైబ్రరీలో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ పుస్తకాలు పిల్లలకు ఇచ్చీ, తిరిగి తీసుకునీ, వాళ్లతో కూర్చుని మాట్లాడీ నాకు అర్థమైంది చెబుతాను. హంగర్ గేమ్స్ నువ్వు చదివేశావు కాబట్టి దాని గురించి దాచకుండా మాట్లాడతాను. నువ్వు చదవనివాటి ముగింపులు చెప్పను.

సాగదీయడం అన్నదాంట్లో కొంత నిజం ఉంది. హంగర్ గేమ్స్ 2008లో వచ్చింది, క్యాచింగ్ ఫైర్ 2009లో, మాకింగ్‌జే 2010లో. డైవర్జెంట్ మూడూ 2011, 2012, 2013. డెలీరియం మూడూ సరిగ్గా అవే సంవత్సరాలు. ఇలాంటిదే ఇంకో సిరీస్ మ్యాచ్డ్ 2010 నుంచి 2012 దాకా. అంటే ఏడాదికొకటి చొప్పున మూడు పుస్తకాలు అనేది అప్పట్లో ఒక అచ్చులా తయారైంది. కథలో రెండు పుస్తకాల సరుకే ఉన్నా మూడు రాయాల్సి వచ్చిన రచయితలూ ఉన్నారు. మన వారపత్రికల్లో సీరియల్ నవలలు వచ్చే రోజుల్లో కూడా ఇదే జరిగేది కదా, మా అమ్మ శుక్రవారం పత్రిక రాగానే వంట పక్కన పెట్టి చదివేది, కొన్ని వారాలు మాత్రం "ఈ వారం కథ ఒక్క అడుగు కూడా కదల్లేదే" అని విసుక్కునేది. అయినా తర్వాతి వారం మానేది కాదు.

కానీ నువ్వు రెండో భాగాల దగ్గర ఆగిపోవడానికి సాగదీత ఒక్కటే కారణం కాదనుకుంటున్నాను. మొదటి భాగంలో దొరికిందే రెండో దాంట్లోనూ కావాలని వెళ్తున్నావు, అక్కడ అది ఉండదు. మొదటి భాగంలో ప్రేమకు అడ్డు ప్రభుత్వం. డెలీరియంలో ప్రేమ ఒక జబ్బు, పద్దెనిమిదేళ్లకు ఆపరేషన్ చేసి నయం చేస్తారు, లీనా ఆ రోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటూ ఉండగా అలెక్స్ కనిపిస్తాడు. ఇద్దరూ ఒకవైపు, లోకమంతా ఒకవైపు. అలాంటి కథ ఎవరినైనా పరుగులు పెట్టిస్తుంది. రెండో భాగం మొదలయ్యేసరికి వాళ్లు గీత దాటేసి ఉంటారు. ఇక అక్కడినుంచి అడ్డు బయట ఉండదు, ఇద్దరి మధ్యే ఉంటుంది. ఒకరికి తెలిసిన సంగతి రెండోవాళ్లకు చెప్పకపోవడం, భయంతో దాచడం, నీ మంచికే అని దాచడం. నా అనుభవంలో ఈ రకం నవలల్లో మంచి సీక్వెల్ అంటే ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారు అన్నదాని మీద నిలబడే పుస్తకం. అది పట్టుకుని చదివితే నీకు విసుగు అనిపించిన పేజీలు వేరేగా కనిపిస్తాయి.

క్యాచింగ్ ఫైర్ గుర్తు తెచ్చుకో. దేశాధ్యక్షుడు స్నో కాట్నిస్ ఇంటికొచ్చి కూర్చుంటాడు, కోటుకు గులాబీ, ఊపిరిలో నెత్తురు వాసన. పీటా మీద నీ ప్రేమ నిజమని జనాన్ని నమ్మించు, లేకపోతే నీవాళ్లు బతకరు అన్నది ఆ బెదిరింపు సారాంశం. ఆ సంగతి ఆమె పీటాకు చెప్పదు. డిస్ట్రిక్ట్ 11లో పీటా మంచి మనసుతో తమ గెలుపు సొమ్ములో కొంత, ఆటలో చనిపోయిన ఆ ప్రాంతం పిల్లలు రూ, థ్రెష్ కుటుంబాలకు ఏటేటా ఇస్తామంటాడు, కాట్నిస్ మాట్లాడుతుంది, గుంపులోంచి ఒక ముసలాయన రూ ఈల పాట ఈల వేస్తాడు, ఆయన్ని జనం ముందే కాల్చేస్తారు. ఆ తర్వాత గొడవ చూడు. పీటాకు కోపం కాట్నిస్ తనను ప్రేమించడం లేదని కాదు. ఆమెకూ, ఆటలో వాళ్లిద్దరికీ దారి చూపిన హేమిచ్‌కూ తెలిసినదేదో తనకు చెప్పలేదని, తెలియకుండా మాట్లాడిన తన మాటల వల్ల కూడా ప్రాణాలు పోతాయని. నాకైతే ఆ సిరీస్‌లో ప్రేమకథ అక్కడే మొదలైందనిపిస్తుంది. గుహలో ముద్దుల దగ్గర కాదు.

గుహ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లలు ఎక్కువమంది మార్కర్ పెట్టి గీసుకునే పేజీలు అవే. మొదటి భాగంలో ఆట మధ్యలో పీటా కాలికి దెబ్బ తగిలి జ్వరంతో పడి ఉంటాడు. కాట్నిస్ ముద్దు పెడుతుంది. బయట హేమిచ్ పంపిన చిన్న పారాచూట్ దిగుతుంది, అందులో వేడి సూప్ గిన్నె. హేమిచ్ మాట ఒక్కటి కూడా రాయలేదు, ఆమెకు మాత్రం అర్థమైపోతుంది: ఒక ముద్దుకు ఒక గిన్నె. ఆ సూప్ ఆమె పీటాకు బతిమాలి గుక్క గుక్కగా తాగించే తీరు చదువు ఒకసారి. ఆ క్షణంలో ఆమె చేసేది నటన, అతను తాగేది నిజం, అతను బతకాలన్న ఆమె తపన కూడా నిజమే. ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో ఆమెకే తెలియదు. రచయిత్రి సుజాన్ కాలిన్స్ ఒక రాత్రి టీవీ చానెళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ పోటీ, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం వార్తలు వచ్చి రెండూ కలిసిపోయినట్టనిపించాయని, అక్కడే ఈ కథ పుట్టిందని చెప్పింది. ఆ మాట తెలిశాక నాకు ఆ గిన్నె ఇంకా భయం వేసింది. చూసేవాళ్లకు నచ్చితేనే తిండి వస్తుంది.

ఇప్పుడు నీకు నచ్చని మూడో పుస్తకం. నేనూ మొదటిసారి ఒక్క రాత్రిలో చదివి మూసేసి, ఇదేం ముగింపు అనుకున్నదాన్నే. గేల్ అంత మంచివాడు కదా, చిన్నప్పటి నుంచీ అడవిలో తోడున్నాడు కదా అని. ఆ రోజుల్లో నేను చూడనిది ఒకటుంది. గేల్ ఆయుధాలు తయారుచేసే బీటీతో కలిసి ఒక బాంబు ఉపాయం ఆలోచిస్తాడు: మొదటిది పేలాక సాయం చేయడానికి పరుగెత్తి వచ్చినవాళ్ల కోసం రెండోది. చివర్లో కాట్నిస్ చెల్లెలు ప్రిమ్ చనిపోయింది అలాంటి రెండో పేలుడులోనే. అది నీ బాంబేనా అని కాట్నిస్ అడిగితే గేల్ తనకు తెలియదంటాడు, తెలిసినా తెలియకపోయినా నీ మనసులోంచి ఆ అనుమానం పోదంటాడు. అబద్ధం చెప్పలేదు పాపం. కానీ ఆ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం వాళ్లిద్దరూ ఒక ఇంట్లో ఉండలేరు. ఇద్దరు అబ్బాయిల్లో ఎవరు అనే పోటీ అక్కడ తేలిపోయింది. ఆమె ఎవరినీ ఎంచుకోకముందే తేలిపోయింది.

పీటా సంగతి చూస్తే, అతన్ని స్నో పాలించే రాజధాని క్యాపిటల్ పట్టుకుని విషంతో జ్ఞాపకాలు పాడుచేసి పంపింది. కాట్నిస్‌ను చూస్తే గొంతు నులిమేంతగా. తర్వాత మెల్లగా ఒక ఆట మొదలవుతుంది, గుర్తుంది కదా, నిజమా కాదా అని అతను అడగడం, పక్కవాళ్లు జవాబు చెప్పడం. ఒక రాత్రి కాపలాలో కాట్నిస్ అతనికి అతన్నే చెబుతుంది. నీకిష్టమైన రంగు నారింజ, గాఢమైన నారింజ కాదు, సూర్యాస్తమయం అంత మెత్తనిది. నువ్వు బొమ్మలు వేస్తావు, రొట్టెలు చేస్తావు, కిటికీలు తెరిచి పడుకుంటావు, టీలో చక్కెర వేసుకోవు, బూటు లేసులు రెండు ముడులు వేస్తావు. చెప్పేసి ఏడుపొచ్చేలోగా తన గుడారంలోకి వెళ్లిపోతుంది.

దీన్ని నేను రెండోసారి చదివింది మా నాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాది. మాట మెల్లగా తిరిగొచ్చింది గానీ సంగతులు కలగలిసిపోయేవి. సాయంత్రమైతే "మీ అమ్మ గుడికెళ్లిందా?" అని అడిగేవారు. అమ్మ పోయి అప్పటికి ఆరేళ్లు. మొదట్లో ఆయన్ని బాధపెట్టడం ఎందుకని మేమందరం అవునండీ వచ్చేస్తుంది అనేవాళ్లం, ఆయన గేటు వైపే చూస్తూ కూర్చునేవారు, చీకటి పడ్డాక కూడా. ఒకరోజు నేను పక్కన కూర్చుని నిజం చెప్పాను. తర్వాత చిన్న చిన్నవి చెబుతూ పోయాను, మీరు ఎడమ చేత్తో రాస్తారు నాన్నా, మీకు గోంగూర పచ్చడిలో ఉల్లిపాయ ఉండాలి, మీ సైకిల్ పచ్చ రంగు అని. ఆయన ఒక్కోదానికీ "అవునా? నిజమేనా?" అని అడిగి, కాసేపు ఆలోచించి తల ఊపేవారు. ఆ తర్వాత మాకింగ్‌జే చివరి అధ్యాయం ఆఖరి పేజీ తీస్తే, నువ్వు నన్ను ప్రేమిస్తున్నావు, నిజమా కాదా అని పీటా అడిగే చోట నాకు సర్దుకుపోవడం కనిపించలేదు. అంత అబద్ధం తిన్న మనిషి ఒక్కరి మాట మీద తన బతుకు మొత్తం పెట్టి అడుగుతున్నాడు. ఇంకో మాట, ఆ పుస్తకంలో వాళ్ల పెళ్లి సన్నివేశమే లేదు, వెనక్కి వెళ్లి చూడు. పిల్లలు కావాలని ఒప్పుకోవడానికి కాట్నిస్‌కు పదిహేనేళ్లు పట్టిందని మాత్రం ఉంది. సర్దుకుపోయే మనిషికి పదిహేనేళ్లు పట్టదమ్మా.

నువ్వు వదిలేసిన వాటి గురించి. డైవర్జెంట్ రెండో భాగం ఇన్సర్జెంట్ నువ్వు తప్పకుండా పూర్తిచేయాలి. డైవర్జెంట్ చివర్లో కథానాయిక ట్రిస్ విల్‌ను కాల్చింది కదా, స్నేహితుణ్ణి, అతను మనసును వశం చేసుకునే మందు ప్రభావంలో ఉండి తుపాకీ ఎత్తితే. ఇన్సర్జెంట్ అంతా ఆ ఒక్క తూటా బరువే. ఆమె తుపాకీ పట్టుకోలేదు, ప్రేమించిన టోబియాస్‌కు చెప్పలేదు, విల్‌ను ప్రేమించిన క్రిస్టినా పక్కనే ఉన్నా నోరు విప్పలేదు. నిజమే చెప్పాలనే కాండర్ వర్గం వాళ్ల భవనంలో నిజం కక్కించే మందు ఇచ్చి అందరి ముందూ నిలబెడతారు. యాభై పేజీల దగ్గర ఆపావంటే ఆ సన్నివేశానికి ముందే ఆపేశావన్నమాట! మూడోది అలీజియంట్‌లో ఒక మార్పు ఉంటుంది, రెండు పుస్తకాలు ట్రిస్ గొంతులోనే నడిచిన కథ ఇందులో ట్రిస్ ఒకసారి, టోబియాస్ ఒకసారి చెబుతారు. ఎందుకో రచయిత్రికి కారణం ఉంది, చదువుతూ పో. దాని ముగింపు మీద విపరీతమైన గొడవ జరిగింది, దయచేసి ముందే ఇంటర్నెట్‌లో వెతకకు. సినిమాలు చూసి కథ తెలిసిపోయిందనుకోకు కూడా, మూడో పుస్తకాన్ని రెండు సినిమాలు చేయాలనుకుని 2016లో ఒకటి తీసి ఆపేశారు, చివరి సినిమా రానేలేదు.

డైవర్జెంట్ గురించి పక్కమాట ఒకటి. పదహారేళ్లకు అయిదు వర్గాల్లో ఒకటి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక ఇంటివాళ్లకంటే వర్గమే ముందు. మా పదో తరగతి పిల్లలు ఈ అధ్యాయం చదివేటప్పుడు ఒక్కరు కూడా దీన్ని ఊహాలోకం అనుకోలేదు. ఎంపీసీనా బైపీసీనా అని ఇంట్లో గొడవలు పడుతున్న నెల అది. ఒక అమ్మాయి లైబ్రరీ బల్ల మీద తల వాల్చి, "మేడమ్, ట్రిస్‌కు కనీసం చెయ్యి కోసుకుని తనే రక్తం వేసే అవకాశం ఉంది" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు.

డెలీరియం రెండో భాగం పాండమోనియం నీకు తికమకగా అనిపించి ఉంటుంది, అధ్యాయాలు అప్పుడు, ఇప్పుడు అని మారుతూ ఉంటాయి కాబట్టి. ఒక చిట్కా చెబుతాను, మా పిల్లలకూ ఇదే చెబుతాను. వరుసగానే చదువు గానీ ఒక్కో అధ్యాయం అయ్యాక ఆగి, "అప్పుడు" లీనాకు తెలిసి "ఇప్పుడు" లీనా ఎవరికీ చెప్పనిది ఏమిటో ఒక్క ముక్క చీటీ మీద రాసుకో. పది చీటీలయ్యేసరికి పుస్తకం చేతికి చిక్కుతుంది. జూలియన్ అనే కొత్త అబ్బాయి వచ్చాక కోపం వస్తుంది, అలెక్స్ కోసం చదివేవాళ్లందరికీ వచ్చింది. మూడోది రెక్వియంలో లీనాతో పాటు హానా కూడా కథ చెబుతుంది, అంటే ఆపరేషన్ చేయించుకుని, మేయర్ కావాల్సినవాడితో పెళ్లికి సిద్ధమవుతున్న స్నేహితురాలు. నిజం చెప్పాలంటే నాకు లీనా అధ్యాయాలకంటే హానావే నచ్చాయి. ముగింపు మాత్రం గట్టిగా మూయలేదు, తలుపు ఓరగా వదిలేశారు, అది ఇష్టం లేకపోతే ముందే మనసు సిద్ధం చేసుకో. డెలీరియంలో అబ్బాయి జాబితా ప్రభుత్వం ఇస్తుంది, మ్యాచ్డ్‌లో విందు పెట్టి తెర మీద చూపిస్తుంది. పెళ్లి సంబంధాల ఫోటోలు వాట్సాప్‌లో తిరిగే ఇళ్లలో పెరిగిన పిల్లలు ఇవి చదివితే అమెరికా పిల్లలు చదివినట్టు చదవరు. వాళ్లకు అది ఎక్కడో భవిష్యత్తు, మనవాళ్లకు అక్క పెళ్లి.

షాటర్ మీ దగ్గర కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. జూలియెట్ ముట్టుకుంటే మనిషి చచ్చిపోతాడు, 264 రోజులుగా ఒంటరి గదిలో ఉంది, మొదటి పుస్తకం నిండా కొట్టివేసిన వాక్యాలు. ఆ కొట్టివేతలే ఆ పుస్తకం ప్రాణం. తను అనుకున్నది తనకే చెప్పుకోలేక గీత కొట్టేస్తుంది. రెండో, మూడో భాగాలు అన్‌రావెల్ మీ, ఇగ్నైట్ మీ చదువుతుంటే ఆ గీతలు తగ్గుతూ వస్తాయి, ఆమె అనుకున్నది అనుకున్నట్టే అనడం నేర్చుకుంటుంది. దానికోసమైనా చదవాలి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య డెస్ట్రాయ్ మీ అని చిన్న పుస్తకం ఉంది, జూలియెట్‌ను తన గుప్పిట్లో ఉంచుకున్న వార్నర్ చెప్పే కథ, ఆమె రాసుకున్న నోట్‌బుక్ అతని చేతికి దొరుకుతుంది. అది చదవకపోతే రెండో భాగంలో వార్నర్ మీద రచయిత్రి దృష్టి ఎందుకు మారిందో అర్థం కాదు. నువ్వు యాభై పేజీల దగ్గర ఆగడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇగ్నైట్ మీతో 2014లో కథ ఒక దరికి చేరింది. 2018 నుంచి 2020 దాకా మళ్లీ మూడు వచ్చాయి, అవి కావాలంటే చదువు, లేకపోతే లోటేమీ లేదు. కానీ మొదటి పుస్తకంలో వార్నర్ ఆమెను ఏ గదిలోకి తోసి ఏం చేయించాడో మర్చిపోకుండా చదువు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు కాబట్టి ఏం చేసినా ప్రేమే అనుకునే అమ్మాయిలను నేను లైబ్రరీలో చాలామందిని చూశాను, వాళ్లతో వాదించాను, వాదిస్తూనే ఉంటాను. బాధ ఎందుకు వచ్చిందో తెలిసినంత మాత్రాన చేసిన పని చెరిగిపోదు. పుస్తకం అందంగా రాసి ఉంటే ఇది మర్చిపోవడం మరీ తేలిక.

ఏవి మానేయవచ్చో కూడా అడిగావు. రెండో భాగం వంద పేజీలు చదివినా కొత్త అబ్బాయి రావడం తప్ప ఇంకే చిక్కూ లేకపోతే నిర్మొహమాటంగా మూసెయ్. రాజకుమారుడికి పెళ్లికూతుర్ని ఎంచే పోటీ కథ ది సెలక్షన్‌ను నేను మూడో భాగంతో ఆపాను, నాలుగు అయిదు భాగాలు కూతురి కథలే. అందులో ఎనిమిది కులాలు ఉంటాయి, అంకెలతో, ఆ మాటే వాడారు, కాస్ట్ అని. అమెరికా అనే అమ్మాయి అయిదు, ఆమె ప్రేమించిన ఆస్పెన్ ఆరు. ఒక్క అంకె కిందివాణ్ణి ప్రేమించడం గురించి మొదట్లో వచ్చే పేజీలు మన దగ్గర చదివితే గుండె దడదడలాడుతుంది, కులం దాటి ప్రేమించిన పిల్లలకు ఏం జరుగుతుందో పేపర్లో చదివే మనకు అది గౌన్ల పోటీకి నేపథ్యం కాదు. పుస్తకం మాత్రం ఆ సంగతిని త్వరగా వదిలి రాజభవనంలోకి వెళ్లిపోతుంది. నాకది ఇప్పటికీ బాధే.

హంగర్ గేమ్స్ ముందుకథలు రెండూ, 2020లో వచ్చిన స్నో కథ, 2025లో వచ్చిన హేమిచ్ కథ, వచ్చిన వరుసలోనే చదువు, కాలం ప్రకారం వెనక్కి వెళ్లి మొదలుపెట్టకు. పద్దెనిమిదేళ్ల స్నోకు ప్రేమించిన అమ్మాయి మీద నమ్మకం ఎలా విరిగిందో చదివాక, కాట్నిస్ ఇంట్లో గులాబీ పెట్టుకుని కూర్చున్న ముసలి స్నో మాటలు ఇంకోలా వినిపిస్తాయి.

అన్నీ ఒకేసారి కొనకు. అబిడ్స్ ఆదివారం బజారులో ఈ సిరీస్‌ల విడి భాగాలు దొరుకుతూనే ఉంటాయి, మొదటి భాగాలకంటే రెండోవి ఎక్కువ, ఎందుకో నీకు తెలుసు. ముందు ఇన్సర్జెంట్ తీసుకో. డైవర్జెంట్ చివరి నాలుగు అధ్యాయాలు మళ్లీ చదివి, ఆ వెంటనే, నువ్వు ఆపేసిన పేజీ నుంచి కాకుండా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టు.